కుర్చీ కోసం కాచుకున్న గుడి

కావలి నుంచి ఒక సోదరి వుత్తరం వ్రాశారు. పిల్లలకు సెలవులిస్తే ఇంటిల్లిపాదీ హైదరాబాదు వెళ్ళి, పనిలో పనిగా మెదక్ చర్చి కూడా చూసి వచ్చారట. "అక్కడ మాకు చూపించిన పెద్దాయన ఇది మెథడిస్టులు కట్టిన గుడి అన్నాడు. తీరా చూస్తే బోర్డు మీద ఆ మాటే లేదు. వాళ్ళేమయ్యారు? అమ్ముకుని వెళ్ళిపోయారా? మా నెల్లూరు సముద్రతీరం పొడుగునా ఇన్ని చర్చిలున్నాయి గదా, మెథడిస్టు అన్న పేరు నా చెవిన పడలేదేం?" అని ఆవిడ ప్రశ్న.

ప్రశ్న రెండు ముక్కలే. జవాబు మాత్రం నెల్లూరులో బయలుదేరి, ఇంగ్లండు చుట్టి, మెదక్‌లో దిగి, మద్రాసు మీదుగా రావాలి. అమ్ముకోవడం గిమ్ముకోవడం ఏమీ జరగలేదని మాత్రం ముందే చెప్పేస్తాను. లేకపోతే ఆవిడకు మనసు నిలవదు.

నేనూ ఆ తీరం వాణ్ణే గనుక మన వూళ్ళతోనే మొదలుపెడతాను. వెనకటి మిషనుల వారికి తమలో తమకు ఒక పెద్దమనుషుల ఒప్పందం వుండేది. ఒకరు పనిచేస్తున్న చోట ఇంకొకరు దుకాణం తెరవకూడదు. ఆ లెక్కన నెల్లూరు అమెరికా బాప్టిస్టుల పాలబడింది. శామ్యూల్ డే అనే ఆయన 1840లో నెల్లూరు చేరి అక్కడ కాపురం పెట్టాడు. దక్షిణాన నాయుడుపేట, సూళ్ళూరుపేట, గూడూరు వైపు 1865 నుంచి హెర్మాన్స్‌బర్గ్ అనే జర్మను వూరి లూథరన్లు వచ్చారు. ఇంగ్లండు మెథడిస్టులకు దక్కింది నైజాము రాజ్యంలో మెదక్, దాని చుట్టుపట్ల సీమ. అందుచేత కావలిలో పుట్టి పెరిగిన వారికి ఆ పేరు తెలియకపోవడంలో వింతేమీ లేదు. మెదక్ వారిని బాప్టిస్టు మాటేమిటని అడిగి చూడండి, వారూ అలాగే మొహం పెడతారు.

బాప్టిస్టుల గుడికి శిఖరం కన్న నీళ్ళు ముఖ్యం. తలమీద నాలుగు చుక్కలు చిలకరిస్తే వారికి చాలదు. మనిషి నిలువునా మునగాలి. అందుకని ఏరో, చెరువో, సముద్రమో దగ్గర వుండాలి, లేదా గుడిలోనే తొట్టి కట్టుకోవాలి. నెల్లూరులో వారి మొదటి తెలుగు విశ్వాసి 1840లో పెన్నలోనే మునిగాడు. ఇక తీరం వెంట పాత మిషను కట్టడాలంటారా, మందపు గోడలు, గుల్ల సున్నం పూత, చుట్టూ వరండా, ఎండకూ గాలివానకూ తలవొంచి కూర్చున్నట్టు వుంటాయి. కాంపౌండులో వేపచెట్టు కన్న ఎత్తయినది ఏదీ కనపడదు. అలాంటివి చూసిన కళ్ళతో మెదక్ వెళ్తే గుండె ఝల్లుమంటుంది. సోదరి వుత్తరంలో సగం ఆ ఆశ్చర్యమే.

ఇంతకూ ఆ కట్టడం చూసి ఆశ్చర్యపడవలసిన వాళ్ళు మనం కాదు. మెథడిస్టులే.

పద్ధెనిమిదో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డులో జాన్ వెస్లీ, ఆయన తమ్ముడు చార్లెస్, మరికొందరు స్నేహితులు వేళ తప్పకుండా ప్రార్థన, వేళ తప్పకుండా వుపవాసం, జైళ్ళకు వెళ్ళి ఖైదీలను పలకరించడం పెట్టుకున్నారు. తోటి విద్యార్థులు ఎగతాళిగా వీళ్ళకు 'పద్ధతిగాళ్ళు' అని పేరు పెట్టారు. మెథడ్ అంటే పద్ధతే గదా! ఆ వెక్కిరింతే పేరై నిలిచిపోయింది. 1739లో వెస్లీ బ్రిస్టలు దగ్గర బొగ్గుగని కూలీల మధ్య, ఆరుబయట నిలబడి బోధించడం మొదలుపెట్టాడు. మసి మొహాల వాళ్ళను పెద్ద గుళ్ళు రమ్మనవు. అందుకని గుడినే పొలంలోకి తెచ్చాడన్నమాట. ఆ సంవత్సరమే బ్రిస్టలులో ఒక చిన్న మందిరం కట్టారు. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? 'కొత్త గది'! ఇప్పటికీ వున్నది. లోకంలో మెథడిస్టుల మొదటి కట్టడం అదే.

గుళ్ళు ఎలా కట్టాలో వెస్లీ నియమాలు కూడా పెట్టాడు. సాదాగా, మర్యాదగా వుండాలి. తప్పనిసరి అయినదానికన్న దమ్మిడీ ఎక్కువ ఖర్చు కారాదు. ఎందుకంటే ఖర్చు పెరిగితే డబ్బున్నవాళ్ళ అవసరం పడుతుంది. అవసరం పడ్డాక వాళ్ళు చెప్పినట్టు వినవలసి వస్తుంది. అప్పుడు మన పద్ధతులకు నీళ్ళు వదులుకోవలసిందే అని ఆయన భయం. బల్లలకు వెనక ఆనుడు చెక్క వుండకూడదన్నాడు. ఆడవారు ఒక వైపు, మగవారు ఒక వైపు కూర్చోవాలన్నాడు. మన తీరం వూళ్ళల్లో చాపలు పరిచి రెండు వైపులా కూర్చునే పద్ధతి ఆయనకు తెగ నచ్చివుండేది.

ఇంకొక ముఖ్యమైన సంగతి: ఇంగ్లండు మెథడిస్టులకు బిషప్పులు లేరు. వెస్లీ చనిపోయేదాకా ఇంగ్లండు చర్చిలో పురోహితుడుగానే వున్నాడు గాని, ఆయన అనుచరులు విడిపోయి తమ సంఘం కట్టుకున్నాక పీఠాధిపతుల జోలికి పోలేదు. ఏడాదికొకసారి సభ, దానికొక అధ్యక్షుడు, అంతే. 'కథీడ్రల్' అన్న మాటకు మూలం కుర్చీ అనే అర్థమిచ్చే గ్రీకు మాట. బిషప్పు కూర్చునే కుర్చీ ఏ గుడిలో వుంటే అది కథీడ్రల్. బిషప్పే లేనప్పుడు కుర్చీ ఎక్కడిది? కుర్చీ లేనప్పుడు కథీడ్రల్ ఎక్కడిది? ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నూరేళ్ళు గడిచేసరికి వెస్లీ నియమాలకు కాస్త నాచు పట్టింది. ఇంగ్లండులో మిల్లులు లేచాయి, మెథడిస్టుల్లో షావుకార్లు పుట్టారు. 1850లో జాబ్సన్ అనే మెథడిస్టు బోధకుడే, గుడి అంటే నాటకశాలలాగా సరుకుల కొట్టులాగా వుండకూడదు, గోథిక్ పద్ధతిలో కట్టాలి అని ఏకంగా పుస్తకం వ్రాశాడు. మొనదేలిన కమానులు, బారెడు కిటికీలు, మేఘాలు గీసే శిఖరాలు – అవన్నీ అప్పటి నుంచి చాపెళ్ళకు కూడా దిగాయి. ఆ గాలి మెదక్‌కు వచ్చింది చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఆయనతో.

పోస్నెట్ 1895లో సికింద్రాబాదు వచ్చాడు, తెల్లసిపాయిల దండులో బోధకుడుగా. తర్వాత మెదక్ చేరి, నాలుగు దశాబ్దాలకు పైగా ఈ దేశంలో గడిపి, 1939లో వెళ్ళిపోయాడు. ఆయన వచ్చేసరికి మెదక్‌లో ఒక కోట, దాని కింద వూరు, చుట్టూ చెరువులు, బండలు. ఆయన చేరాక ఆసుపత్రీ, బడీ వచ్చాయి. 1914లో ఈ పెద్ద గుడి మొదలుపెట్టారు. నమూనా గీసింది ఇంగ్లండులో బోల్టన్ అనే మిల్లుల వూరికి చెందిన బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ కంపెనీ. లాంకషైరు మెథడిస్టులకు ఎన్నో గుళ్ళు కట్టిపెట్టిన కంపెనీ అది.

మొదలుపెట్టిన సంవత్సరమే యూరపులో యుద్ధం. ఇక్కడ వానలు లేక కరువు. ఇక్కడే సోదరి లాంటి వారికి ఒక అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది: జనం ఆకలితో మాడుతుంటే రాళ్ళు పేర్చడమేమిటి? మెదక్‌లో తరతరాలుగా చెప్పుకునే జవాబు ఏమంటే, ఆకలి వల్లనే రాళ్ళు పేర్చారని. వూరికే గింజలు పంచడం పోస్నెట్‌కు ఇష్టం లేక పనికి కూలిగా తిండి పెట్టాడట. ఆ పని ఈ గుడి.

మన తీరం వారికి ఈ కథ కొత్త కాదు. బకింగుహాము కాలువ సంగతి తెలుసు గదా? మన తాతల నాటికి సరుగుడు కట్టెలూ, వుప్పూ, ధాన్యమూ పడవల మీద మద్రాసు చేర్చిన కాలువ. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో ఆ కాలువ పనులు కరువు పనులుగా చేయించారు. అప్పటికి ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా కొత్తగా వచ్చేదాకా అంతే. ఒంగోలులో వున్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, అమెరికాలో సర్వే పని చేసినవాడు, మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం కాంట్రాక్టు పుచ్చుకుని ఆకలిగొన్న జనానికి పని చూపించాడు. అయితే ఒక పట్టు పట్టాడు. కరువు సాయం సాగుతున్నంత కాలం ఎవరు వచ్చి అడిగినా బాప్తిస్మం ఇవ్వనన్నాడు. గింజల కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీదా, తన మీదా పడకూడదని. సాయం ముగిసినా జనం తిరిగి వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి రేవు దగ్గర ఒక్క రోజున 2,222 మంది మునిగారు. ఆ లెక్క ప్రపంచమంతా ప్రచురించారు.

'గింజల కోసం మతం' అని నిష్ఠూరమాడేవారు అప్పుడూ వున్నారు, ఇప్పుడూ వున్నారు. వాళ్ళతో పోట్లాడడానికి ఈ పేజీ చాలదు. ఒక్క విషయం మాత్రం చెబుతాను. మెదక్ సీమలో ఆ మిషనులో చేరినవారు ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వారు. వూరి గుడి గడప దాటనివ్వని రోజులవి. బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి నీళ్ళు పోస్తే పట్టుకున్న రోజులు. అలాంటి వారు రాయి మోసి, మోసిన రాయి గోడై లేచాక, ఆ గోడ లోపల తామే వెళ్ళి కూర్చున్నారు. కట్టినవాడు వాకిట్లోనే ఆగిపోయే గుళ్ళు మనకు కొదవ లేదు గనుక, ఈ సంగతి నాకు 175 అడుగుల గోపురం కన్న ఎత్తుగా కనపడుతుంది.

గోపురం ఎత్తు 175 అడుగులు అన్నాను గదా. గుడి పొడవు 200, వెడల్పు 100. ఐదు వేలమంది పడతారు. పైనుంచి పక్షి చూస్తే శిలువ ఆకారం. నిలువు చేయి జనం కూర్చునే చావడి, అడ్డచేతులు రెండు రెక్కలు. గోడలు అక్కడి బూడిదరంగు నల్లరాయి. తెలంగాణం రాళ్ళ దేశం గనుక రాతికి కరువు లేదు, కరువల్లా తిండికే. మనం ఇసుక నేలమీద ఇటుకా, గుల్ల సున్నంతో కట్టేది వాళ్ళు బండ చెక్కి కట్టారు.

మొన కమాను ఎందుకు పెడతారో మా బంధువుల అబ్బాయి ఒకడు, ఇంజనీరింగు చదువుతున్నాడు, నాకు పుల్లలతో చేసి చూపించాడు. గుండ్రటి కమానులో ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగమే. వెడల్పు పది అడుగులైతే ఎత్తు అయిదు, అంతకు మించి లేవదు. రెండు విల్లు ముక్కలను పైన మొన కలిపారనుకోండి, వెడల్పు పెంచకుండానే ఎత్తు ఎంతైనా లేపవచ్చు. పైగా బరువు పక్కలకు తన్నడం తగ్గి, కిందికి దిగుతుంది. మిగిలిన తోపుడును గోడ బయట కట్టిన వూతగోడలు ఆపుతాయి. గోడ సన్నపడినచోట కిటికీ పెద్దది చేసుకోవచ్చు. గోథిక్ గుడి అంటే ఇంతే రహస్యం: బరువును పక్కకు తప్పించి వెలుతురుకు దారి ఇవ్వడం. లోపల నేలకు పరిచిన రంగురంగుల పలకలు ఇంగ్లండు నుంచి తెచ్చారట. పరచడానికి ఇటలీ పనివాళ్ళు వచ్చారట. ఆ నేలమీద వట్టి పాదాలతో నడిస్తే మే నెలలో కూడా చల్లగా వుంటుంది. అంత ఎత్తు చూరుకింద వేడిగాలి పైకి పోతుంది మరి.

ఇక కిటికీలు. రంగు గాజు ముక్కలు కత్తిరించి, సీసపు పట్టీలతో కలిపి, మొహాలూ మడతలూ రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. మెదక్‌లోవి మూడు. క్రీస్తు పరలోకానికి వెళ్ళడం 1927లో, పుట్టడం 1947లో, శిలువ 1958లో పెట్టారు. చూశారా వరస! కథ చివర ముందు వచ్చింది, మొదలు తర్వాత, మధ్యది అన్నిటికన్న వెనక. మూడూ గీసింది ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. రాజులకు చిత్తరువులు వేసినవాడు. జాన్ వెస్లీ చిత్తరువు కూడా ఆయన వేసింది ప్రసిద్ధం. మొదటి కిటికీ నాటికి ఆయనకు యాభై దాటాయి, చివరిదాని నాటికి ఎనభై దాటాయి. ఈలోగా గుడి బయట చాలా జరిగిపోయింది.

1924 డిసెంబరు 25న గుడికి ప్రతిష్ఠ జరిగింది. చూస్తే కథీడ్రల్ లాగే వున్నది. అయితే అది వెస్లియన్ మెథడిస్టుల గుడి. బిషప్పు లేడు, కుర్చీ లేదు. సామంతుడు లేకుండా సింహద్వారం కట్టినట్టయింది. వెస్లీ బతికివుంటే ఆ గోపురం చూసి ఏమనేవాడో అని నవ్వుకునే మెథడిస్టులు వుండే వుంటారు.

అయితే కుర్చీ సంగతి అప్పటికే వేరే చోట మొదలైంది. 1919లో తమిళదేశపు తరంగంబాడిలో కొందరు క్రైస్తవ పెద్దలు, చాలావరకు భారతీయులే, సమావేశమై, పడమటి దేశాల తగవులు మనకెందుకు, మనమంతా ఒకే సంఘం కాకూడదా అన్నారు. వారిలో ముఖ్యుడు డోర్నకల్ బిషప్పు అజరయ్యగారు. ఇంగ్లండు చర్చిలో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనే, 1912లో. డోర్నకల్‌లో ఆయన కట్టించిన కథీడ్రల్ 1939లో పూర్తయింది. దానిలో మసీదు గుమ్మటాలూ వున్నాయి, మన గుడి మంటపపు స్తంభాలూ వున్నాయి. తెలుగుదేశంలో పాతికేళ్ళ తేడాలో లేచిన ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి: ఇంగ్లీషువాడు కట్టింది ఇంగ్లండు గుడి, భారతీయుడు కట్టింది భారతదేశపు గుడి. నాకు అందం మెదక్‌ది, ఆలోచన డోర్నకల్‌ది నచ్చుతాయి.

కలయికకు అడ్డుపడ్డది ముఖ్యంగా ఈ బిషప్పు సమస్యే. లేకపోతే కుదరదని ఆంగ్లికన్లు, మాకు అలవాటు లేదని తక్కినవారు. ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చుని మాట్లాడారు. పెళ్ళి సంబంధాలు ఇంతకాలం సాగితే పిల్ల ముసలిదైపోతుంది! ఈలోగా 1932లో ఇంగ్లండులోనే మెథడిస్టు శాఖలు మూడు ఒకటై, 'వెస్లియన్' అన్న మాట ఎగిరిపోయింది. చివరకు బిషప్పులు వుండేటట్టు, పాత పాదిరీలకు మళ్ళీ అభిషేకం అక్కర లేకుండా, ఇకమీదటి వారికి మాత్రం బిషప్పు చేతులమీదుగా జరిగేటట్టు రాజీపడ్డారు. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం వెలిసింది. మనవాళ్ళు సి.ఎస్.ఐ. అంటున్నది అదే. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, 1908 నాటికే కలిసిన ప్రెస్బిటీరియన్లూ కాంగ్రెగేషనలిస్టులూ అందులో చేరారు. అజరయ్యగారు దీన్ని కళ్ళారా చూడలేదు. 1945 జనవరి ఒకటిన పోయారు.

ఆ రోజుతో మెదక్ గుడి మీద నుంచి మెథడిస్టు పేరు దిగిపోయింది, లోపలికి కుర్చీ వచ్చింది. కట్టిన ఇరవైమూడేళ్ళకు అది నిజంగా కథీడ్రల్ అయింది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి బిషప్పు ఫ్రాంక్ విట్టేకర్ అంతకు ముందు దాకా మెథడిస్టు మిషనరీయే. కనుక ఎవరూ ఎక్కడికీ పోలేదు. అదే జనం, అవే పాటలు, అవే మొహాలు, ఇంటిపేరు మాత్రం మారింది. పోస్నెట్ అప్పటికి ఇంగ్లండులో వున్నాడు, 1950లో కన్నుమూశాడు.

ఇక్కడ ఒక చిక్కు. హైదరాబాదులో మెథడిస్టు చర్చి అన్న బోర్డు చూశామే అని కొందరు వ్రాస్తారని నాకు తెలుసు. నిజమే, వున్నది. అది అమెరికా మెథడిస్టుల శాఖ. వారికి మొదటినుంచీ బిషప్పులున్నారు, వారు 1947 కలయికలో చేరలేదు. 1981 నుంచి భారతదేశపు మెథడిస్టు చర్చి అన్న పేరుతో వేరుగా నడుస్తున్నది. మన బాప్టిస్టులూ ఆ కలయికకు దూరంగానే వుండి, 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశంగా ఏర్పడ్డారు. అందుచేతనే మెదక్‌లో బోర్డు మారింది, నెల్లూరులో బాప్టిస్టు అన్న మాట చెక్కుచెదరలేదు.

మెదక్ అధ్యక్ష ప్రాంతం వాటికన్ తర్వాత ప్రపంచంలో రెండవదని అక్కడ చూపించేవారు చెబుతారు. తల వూపి వూరుకోండి. వాటికన్ మొత్తం మన పల్లె పొలమంత కూడా వుండదు, దానితో వరస లెక్క ఎలా కుదిరింది?

చూడదలచినవారు క్రిస్మసుకు వెళ్ళకండి. ఆ రోజు కట్టడం కనపడదు, జనం తలలే కనపడతాయి. 2024 డిసెంబరుకు నూరేళ్ళు నిండాక సందడి ఇంకా పెరిగింది. 2022 నుంచి అక్కన్నపేట మీదుగా మెదక్‌కు రైలు కూడా వున్నది. మామూలు రోజున, బాగా ఎండ వుండగా వెళ్ళి, జనం కూర్చునే చోటే కూర్చుని, ఆ మూడు కిటికీలనూ లోపలినుంచి చూడండి. బయటినుంచి చూస్తే అవి మసిబట్టిన పలకల్లాగా వుంటాయి. పొద్దు వాలిందా, లోపలినుంచి చూసినా అంతే.